సాల్మన్ ఒంటి మీద పేను.. లేజర్‌తో కాల్చినా లెక్క తేలట్లేదు!

నార్వే తీరంలో తేలే చేపల పంజరాల్లో ఇప్పుడు రాత్రీ పగలూ లేజర్లు పేలుతున్నాయి. దేని మీదో తెలుసా? పేల మీద!

జోక్ కాదు. నీళ్లలో ఒక పెట్టె వేలాడుతూ ఉంటుంది. దానికి కెమెరాలు. ముందు నుంచి సాల్మన్ చేప ఈదుకుంటూ పోతుంది. దాని ఒంటి మీద ఉన్నది మచ్చా, గాయమా, పేనా అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చుకోవాలి. పేనే అని తేలితే, చేప కదులుతుండగానే గురి చూసి ఆకుపచ్చ లేజర్ వదులుతుంది. అంతా మిల్లీసెకన్లలో జరిగిపోవాలి. సాల్మన్ పొలుసులు అద్దంలా మెరుస్తాయి కదా, వెలుగుని తిప్పికొట్టేస్తాయి. ముదురు రంగు పేను మాత్రం ఆ వేడిని పీల్చుకుని మాడిపోతుంది. ఓస్లోలోని స్టింగ్‌రే అనే కంపెనీ 2014 నుంచి వీటిని ఫార్ముల్లో దింపుతోంది.

నేను చేసేది కంప్యూటర్ విజన్ పని. కన్వేయర్ బెల్టు మీద బుద్ధిగా వచ్చే ప్యాకెట్ల మీద ఎక్స్‌పైరీ డేట్ చదివించడానికే మా మోడల్ రోజుకోసారి మొరాయిస్తుంది. అలాంటిది మసక నీళ్లలో, వంకర్లు తిరుగుతూ పోయే చేప మీద, సెంటీమీటరు పొడవున్న పేనుని పట్టుకోవడమంటే మామూలు విషయం కాదు. మొదట ఆ టెక్నాలజీ చూసే ఫ్లాట్ అయిపోయా. తర్వాత వేరే డౌటు మొదలైంది. ఒక దేశం లేజర్ దాకా వెళ్లిందంటే, అంతకుముందు ఎన్ని ప్రయత్నాలు ఫెయిలై ఉండాలి?

చాలానే ఫెయిలయ్యాయి. ఆ కథ లేజర్ కన్నా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది.

రొయ్యకి చుట్టం

పేను అంటున్నాం గానీ ఇది మన తలలో తిరిగే పేను లాంటి పురుగు కాదు. రొయ్యలు, పీతల వంశానికి చెందినది. శాస్త్రీయ నామం లెపియోఫ్తీరస్ సాల్మోనిస్. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లకి మొదట్లో తిండి అక్కర్లేదు. ఒంట్లో దాచుకున్న సొనతోనే బతుకుతుంది. నీళ్లలో కొట్టుకుపోతూ రెండు దశలు దాటి, మూడో దశలో చేపని వెతుక్కోవాలి. అప్పటికి దాని సైజు మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ సొన అయిపోయేలోపు చేప దొరికితే బతుకు, లేదంటే అంతే. దొరికిందా, చిన్న దారం లాంటి దానితో చేపకి తనని తాను కట్టేసుకుంటుంది. ఇంకాస్త ఎదిగాక ఆ దారం తెంపుకుని ఒళ్లంతా తిరుగుతూ జిగురుని, చర్మాన్ని తింటుంది, రక్తం తాగుతుంది. నీళ్లు 10 డిగ్రీలుంటే గుడ్డు నుంచి పెద్ద పేను అవడానికి నెలన్నర పైచిలుకు పడుతుంది. ఎదిగిన ఆడపేను వెనక రెండు పొడవాటి గుడ్ల దండలు తోకల్లా వేలాడుతుంటాయి. ఒక్కో దండలో వందల గుడ్లు. ఒక జత అయిపోతే ఇంకో జత.

చేప చచ్చిపోయేది పేను తాగే రక్తం వల్ల మాత్రమే కాదు. చర్మం పోయిన చోట పుండు పడుతుంది. ఉప్పునీటిలో బతికే చేపకి చర్మమే గోడ. గోడకి చిల్లు పడితే ఒంట్లో ఉప్పూ నీళ్ల లెక్క తప్పుతుంది, ఆ పుండులోకి బ్యాక్టీరియా దూరుతుంది.

ఇక్కడ అందరికీ వచ్చే ప్రశ్నకి జవాబు చెప్పేస్తా: సుషీలో సాల్మన్ తింటే మనకేమన్నా అవుతుందా? ఈ పేను వల్ల ఏమీ కాదు. ఇది మనుషుల్ని పట్టదు. మంచినీళ్లలో అయితే ఇది ఎక్కువ కాలం బతకనే బతకదు. పాత రోజుల్లో నదిలో గాలం వేసేవాళ్లు పట్టిన సాల్మన్ మీద పేను కనిపిస్తే సంతోషించేవాళ్లట. ఎందుకంటే ఆ చేప సముద్రం నుంచి ఇప్పుడిప్పుడే నదిలోకి వచ్చిందని, తాజాదని గుర్తు!

ఆ ఒక్క మాటలోనే పాత బ్యాలెన్స్ అంతా ఉంది. సాల్మన్ నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికే వస్తుంది. నదిలోకి రాగానే పేలు రాలిపోతాయి. చలికాలంలో తీరం దగ్గర పెద్ద సాల్మన్లు పెద్దగా ఉండవు కాబట్టి పేలకి కూడు దొరకదు. వసంతంలో నది నుంచి సముద్రానికి బయల్దేరే పిల్లలకి దారి దాదాపు క్లీన్‌గా ఉండేది. పేను అప్పుడూ ఉంది, సాల్మనూ ఉంది. మధ్యలో గ్యాప్ ఉండేది, అంతే.

1970లో నార్వేలోని హిట్రా దీవి దగ్గర గ్రోంట్‌వెట్ అన్నదమ్ములు సముద్రంలో వల పంజరాలు తేల్చి సాల్మన్ పెంచి సక్సెస్ అయ్యారు. ఆ తర్వాత గ్యాప్ అనేది లేకుండా పోయింది. ఇప్పుడు ఏ సమయంలో చూసినా నార్వే పంజరాల్లో సుమారు 40 కోట్ల సాల్మన్లు ఉంటాయి. అదే దేశపు నదులకి ఏటా తిరిగొచ్చే అడవి సాల్మన్లు కొన్ని లక్షలు మాత్రమే. పేను వైపు నుంచి ఆలోచించండి. ఏడాది పొడవునా, ఎటూ పారిపోలేని చేపలు, ఒకే చోట లక్షల్లో. బఫే పెట్టి పిలిచినట్టే కదా.

మిర్చి తోటలో మందు, ఫియోర్డులో మందు

మొదట అందరూ చేసే పనే వాళ్లూ చేశారు. మందు కొట్టారు. ఆర్గనోఫాస్ఫేట్లు, తర్వాత సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్. ఈ పేర్లు ఎక్కడో విన్నట్టుందా? మన ఊళ్లో ఏ పురుగుమందుల షాపుకెళ్లినా అల్మారాలో కనిపించే పేర్లే. ఇక 2000 దగ్గర్నుంచి వాళ్లకి బ్రహ్మాస్త్రంలా దొరికింది ఎమామెక్టిన్ బెంజోయేట్. చేపల మేతలో కలిపి పెడితే చాలు, పేలు రాలిపోయేవి. గుంటూరు వైపు మా మామయ్య మిర్చిలో కాయతొలిచే పురుగుకి కొట్టేది కూడా ఎమామెక్టినే. ఫియోర్డు అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ. అక్కడి చేప మేతలోనూ, ఇక్కడి మిర్చి తోట స్ప్రేయర్‌లోనూ ఒకటే మందన్నమాట. కరోనా టైమ్‌లో అందరి నోళ్లలో నానిన ఐవర్‌మెక్టిన్ ఉంది చూశారూ, దానికిది దగ్గరి బంధువు. ఈ కుటుంబానికి మూలం జపాన్ మట్టిలో దొరికిన ఓ బ్యాక్టీరియా. దాన్ని వెలికితీసిన సతోషి ఒమురాకి, ఆ మందుని తయారుచేసిన విలియం కాంప్‌బెల్‌కి 2015లో నోబెల్ కూడా వచ్చింది.

పత్తి వేసిన ఇంట్లో పెరిగినవాళ్లకి తర్వాతేం జరిగిందో చెప్పక్కర్లేదు. మందుకి చావని పేలు కొన్ని మిగిలాయి. వాటి పిల్లలే పెరిగాయి. సముద్రానికి గోడలుండవు కాబట్టి ఆ నిరోధకత ఎక్కడో మొదలై, పదేళ్లు కాస్త అటూఇటుగా ఉత్తర అట్లాంటిక్ అంతా పాకిందని జన్యువుల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు తేల్చారు. పైరిథ్రాయిడ్ల విషయం ఇంకా చిత్రం. ఆ నిరోధకత ఎక్కువగా తల్లి నుంచే పిల్లలకి వస్తుంది.

గుల్ల ఏర్పడకుండా ఆపే మందులు కూడా వాడారు. పేను రొయ్య చుట్టం కదా, పెరగాలంటే పాత గుల్ల వదిలి కొత్త గుల్ల కట్టుకోవాలి. కొత్త గుల్ల కట్టుకోనివ్వకపోతే చస్తుంది. ఐడియా బాగానే ఉంది. కానీ పంజరం కింద, చుట్టుపక్కల ఉండే అసలు రొయ్యలూ పీతలూ కూడా అలాగే గుల్ల మారుస్తాయి! భీమవరం వైపు రొయ్య రైతుకి ఈ మాట చెబితే గుండె జారిపోతుంది. నార్వేలో రొయ్యలు పట్టుకునే జాలర్లు ఈ మందుల మీద గట్టిగానే గొడవ చేశారు.

గట్టు లేని చెరువు

మా నాన్నకి ఆకివీడు దగ్గర చేపల చెరువుంది. శీలావతి, బొచ్చె పెంచుతాడు. మన చెరువుల్లోనూ చేప పేను ఉంటుంది. దాని పేరు ఆర్గులస్, జాతి వేరు, మంచినీళ్లలో బతుకుతుంది, కానీ చేసే పని అదే. చేపలు ఎగిరెగిరి పడుతుంటే, కర్రలకి ఒళ్లు రాసుకుంటుంటే నాన్నకి అర్థమైపోతుంది. విసురువల వేసి పది చేపల్ని తీసి, రెక్కల కింద చూస్తాడు.

నార్వే సంగతి ఫోన్‌లో చెబితే నాన్న మొదట అడిగిన ప్రశ్న: "ఒరే, మరి దానికి గట్టెక్కడుంది?"

అసలు పాయింట్ అదే. చెరువుకి గట్టుంటుంది. ఇక్కడి పేను ఇక్కడే ఉంటుంది, నా పేను నా ఖర్చు. సముద్రంలో పంజరమంటే వల. సాల్మన్‌ని ఆపుతుంది, నీటిని ఆపదు. నీటితో పాటు పేను పిల్లలు పదుల కిలోమీటర్లు పోతాయి. పక్క ఫార్ముకి, ఆ దారిన వెళ్లే అడవి సాల్మన్ పిల్లకి. ఆ పిల్ల బరువు 20 గ్రాములుంటుందేమో. దాని మీద పదికి పైగా పేలు పడితే బతికి బట్టకట్టడం కష్టం. అయిదు కిలోల ఫార్మ్ చేపకి దురద పెట్టేంత పేను లోడు, దీనికి ప్రాణం తీసేంత.

అందుకే నార్వేలో రూల్ ఉంది. ఫార్ములో సగటున ఒక చేపకి ఎదిగిన ఆడపేలు 0.5 దాటకూడదు. అడవి పిల్లలు సముద్రానికి బయల్దేరే వసంతంలో ఆరు వారాలపాటు అది 0.2. వారం వారం లెక్కపెట్టి ప్రభుత్వానికి చెప్పాలి. ఆ అంకెలు బారెంట్స్‌వాచ్ అనే సైట్‌లో మ్యాప్ మీద ఎవరైనా చూసుకోవచ్చు. నేను ఓ ఆదివారం సాయంత్రమంతా అదే చూస్తూ కూర్చున్నా. ప్రతి ఫార్మూ ఒక చుక్క. ఇంత ఓపెన్‌గా డేటా పెట్టినందుకు వాళ్లని మెచ్చుకోవాల్సిందే.

కానీ లెక్కపెట్టే పద్ధతి చూస్తే నాలోని ఇంజినీరు ఊరుకోలేదు. ఒక పంజరంలో 2 లక్షల చేపల దాకా ఉండొచ్చు. చేత్తో లెక్కపెట్టేటప్పుడు రూల్ ప్రకారం తీయాల్సినవి పంజరానికి కనీసం 10. వసంతంలో అయితే 20. మా నాన్న విసురువల కూడా పదే తీస్తుంది, కానీ ఆయన చెరువులో అన్ని లక్షల చేపలు లేవు, ఆయన లెక్క మీద ఎవరి లైసెన్సూ ఆధారపడి లేదు. ఈ మధ్య కొన్ని ఫార్ములకి కెమెరాతో లెక్కపెట్టే అనుమతి ఇస్తున్నారు. వేల చేపలు కెమెరా ముందు నుంచి పోతాయి కాబట్టి సగటు కాస్త నమ్మదగ్గట్టు వస్తుంది. నన్నడిగితే లేజర్ కన్నా ఈ కెమెరానే పెద్ద మార్పు.

ఇంకో తిరకాసు ఉంది, అది శాంపిల్ కన్నా పెద్దది. 0.5 అనేది చేపకి సగటు. ఫార్ములో పది లక్షల చేపలుంటే, రూల్ తు.చ. తప్పకుండా పాటించినా 5 లక్షల ఆడపేలు ఉండొచ్చు. 40 కోట్ల చేపలకి 20 కోట్లు. ఒక్కోదానికి వందల గుడ్లు. రూల్ మారకుండా చేపల సంఖ్య రెట్టింపైతే సముద్రంలో పేలూ రెట్టింపవుతాయి, డ్యాష్‌బోర్డు మీద మాత్రం అంతా పచ్చగానే కనిపిస్తుంది. ఆఫీసులో కేపీఐలు చూసినవాళ్లకి ఈ మాయ కొత్తేం కాదు.

ఈ సంగతి నార్వే వాళ్లకి తెలీదని కాదు. 2017 నుంచి తీరాన్ని 13 ముక్కలు చేసి ట్రాఫిక్ లైట్ పెట్టారు. ఆ ప్రాంతంలో పేల వల్ల అడవి సాల్మన్ పిల్లలు 10 శాతం లోపు చనిపోతున్నాయని అంచనా వేస్తే గ్రీన్, ఉత్పత్తి 6 శాతం పెంచుకోవచ్చు. 10 నుంచి 30 మధ్య అయితే పసుపు. 30 దాటితే రెడ్, 6 శాతం తగ్గించాలి. కంపెనీలు కోర్టుల దాకా వెళ్లాయి, అయినా సిస్టమ్ నిలబడింది.

వైద్యమే జబ్బైతే

మందులు పనిచేయడం మానేశాక వాళ్లు పేను తినే చేపల్ని దింపారు. రాస్ అనే రంగురంగుల చేప, లంప్‌ఫిష్ అనే గుండ్రటి చేప. సాల్మన్ ఒంటి మీద పేలు ఏరుకు తింటాయి. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. ఒక దశలో నార్వే ఏడాదికి దాదాపు 6 కోట్ల క్లీనర్ చేపల్ని పంజరాల్లోకి వదిలింది. వాటిలో చాలావరకు ఆ పంజరాల్లోనే చచ్చిపోయాయి. రాస్‌ని చాలాచోట్ల సముద్రం నుంచే పట్టి తెస్తారు, సాల్మన్ పంజరం దానికి ఇల్లు కాదు. ఒక చేపని బతికించడానికి ఇంకో చేపని వాడి పారేసే ఉపకరణం చేశారన్న విమర్శ అక్కడే గట్టిగా వచ్చింది.

ఇప్పుడు ఎక్కువగా చేసేది వేడినీళ్లు, బ్రష్‌లు, నీటి ప్రెషర్. చేపల్ని పంపుతో పడవలోకి లాగి, 28 నుంచి 34 డిగ్రీల నీళ్లలో ఓ అర నిమిషం ముంచుతారు. మనకి ఆ వేడి స్విమ్మింగ్ పూల్ లెక్క. పది డిగ్రీల నీళ్లకి అలవాటు పడ్డ సాల్మన్‌కి మాత్రం మరిగే కడాయి. తొట్టి గోడలకి కొట్టుకుంటాయి, గింజుకుంటాయి. 28 డిగ్రీలు దాటితే అది నొప్పితో చేసే ప్రవర్తనేనని 2019లో అక్కడి పరిశోధకులే చెప్పారు. పేలు రాలతాయి, నిజమే. పొలుసులూ రాలతాయి. చలికాలంలో ఆ పుండ్లు మానవు. కొన్నాళ్లకి మళ్లీ పేలు, మళ్లీ పంపు.

2023లో నార్వే సముద్రపు పంజరాల్లో చచ్చిపోయిన సాల్మన్లు 6 కోట్ల 20 లక్షల పైమాటే. దాదాపు 17 శాతం. అన్నీ పేల వల్లే కాదు. జెల్లీ ఫిష్‌లున్నాయి, మొప్పల జబ్బులున్నాయి, వైరస్‌లున్నాయి. కానీ అక్కడి చేపల డాక్టర్లు చెప్పే ప్రధాన కారణాల్లో పేలు తీసేటప్పుడు తగిలే గాయాలు ఏటా కనిపిస్తాయి. పేను చంపే చేపల కన్నా, పేను తీయబోయి చంపే చేపల గురించే ఇప్పుడు చర్చ ఎక్కువ.

పక్క దేశాల్లోనూ ఇదే గోల. 2023 శిశిరంలో ఐస్‌లాండ్‌లోని ఓ ఫియోర్డులో పేలు చేసిన పుండ్లతో పది లక్షలకి పైగా చేపలు పోయాయి. వాటి ఫొటోలు చూస్తే అన్నం సహించదు. అదే ఏడాది నవంబరులో అక్కడి గాయని బ్యోర్క్, స్పెయిన్ పాప్ స్టార్ రోజాలియాతో కలిసి ఓ పాట విడుదల చేసి, దాని డబ్బుని ఈ ఫార్ముల మీద పోరాటానికి ఇచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో అలెగ్జాండ్రా మోర్టన్ అనే జీవశాస్త్రవేత్త 2001 నుంచే పింక్ సాల్మన్ పిల్లల మీద పేలు చూపించి మొత్తుకుంది. అక్కడి పిల్లలు సముద్రంలోకి వచ్చేసరికి గ్రాము బరువు కూడా ఉండవు. చివరికి 2024లో ఆ దేశ ప్రభుత్వం ఆ తీరంలో తెరిచిన వల పంజరాలని 2029 జూన్ ఆఖరుకల్లా ఆపేస్తామని ప్రకటించింది.

నార్వే అలా ఆపేయలేదు. సాల్మన్ అంటే వాళ్లకి నూనె తర్వాత నూనె అంతటి వ్యాపారం, ఏటా 15 లక్షల టన్నులు. కాబట్టి ఇంజినీరింగ్ వైపే చూస్తున్నారు. వాటిలో నాకు నచ్చింది స్నార్కెల్ పంజరం. పేను పిల్లలు ఎక్కువగా పైనున్న నీటి పొరలోనే ఉంటాయి. కాబట్టి చేపల్ని కిందే ఉంచితే సరి. కానీ సాల్మన్ అప్పుడప్పుడు పైకొచ్చి గాలి మింగాలి, ఒంట్లో గాలితిత్తి నింపుకోకపోతే సరిగ్గా తేలలేదు. అందుకని మధ్యలో నీళ్లు చొరబడని గుడ్డతో ఓ గొట్టం పెట్టారు, చేపలు అందులోంచి పైకొచ్చి గాలి మింగి కిందికి పోతాయి. సింపుల్. ఇంకోవైపు పసిఫిక్‌లోని కోహో సాల్మన్ తన మీద వాలిన పేను పిల్లని చర్మం ఉబ్బించి చంపేయగలదు. ఆ జన్యువులేవో పట్టుకుని అట్లాంటిక్ సాల్మన్‌కి ఎక్కించొచ్చా అని క్రిస్పర్‌తో ప్రయత్నిస్తున్నారు.

ఇవన్నీ జరుగుతుండగానే 2024 జూన్‌లో అడవి సాల్మన్ మరీ తక్కువగా తిరిగొచ్చిందని నార్వే 33 నదుల్లో చేపల వేటని మధ్యలో ఆపేసింది. వేడెక్కుతున్న సముద్రం కూడా కారణమే, అంతా పేల మీదికి నెట్టలేం. అయినా మనిషి చేత్తో తగ్గించగలిగిన వాటిలో పేను ముందు వరుసలో ఉంది.

2025లో అక్కడి ప్రభుత్వం పార్లమెంటు ముందు కొత్త ప్రతిపాదన పెట్టింది. చేపకి ఎన్ని పేలు అని కాకుండా, సముద్రంలోకి మొత్తం ఎన్ని పేలు వదులుతున్నారో దానికి కోటా పెట్టాలని. కోటా మిగిలినవాళ్లు అమ్ముకోవచ్చు, దాటేవాళ్లు కొనుక్కోవాలి. ఫ్యాక్టరీ పొగకి లెక్క కట్టినట్టే. ఫార్ముల కంపెనీలు ససేమిరా అన్నాయి, పార్లమెంటు ఇంకా పరిశీలించమంది. నాన్నకి ఇది కూడా చెప్పా. "గట్టు కట్టలేక పన్ను కడతారంటావ్" అన్నాడు. లెక్కపెట్టేది ఎవరు అనడిగాడు ఆ వెంటనే. కెమెరాలు అన్నాను. ఎవరి కెమెరాలు అన్నాడు.